విజార్డ్‌కి కవచం కోసం ఒక లెవెల్ క్లెరిక్: లాభమా, దండగా?

నీలిదండం:
డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో ఆడే పాత్రల ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్. కొత్త క్యాంపెయిన్‌లో నాది విజార్డ్, అంటే మంత్రగాడి పాత్ర. ఇంటెలిజెన్స్ 16, డెక్స్టెరిటీ 14, విజ్‌డమ్ 13. మా గ్రూపులో ఒకరేమో "ఒక్క లెవెల్ క్లెరిక్ (పూజారి క్లాస్) తీసుకో, మీడియం కవచం, డాలు రెండూ వాడుకోవచ్చు" అంటున్నారు. ఇంకొకరు "మంత్రగాడికి ఇనప చొక్కా ఏంటి, మేజ్ ఆర్మర్ మంత్రం చాలదా" అంటున్నారు. మీరేమంటారు?

పాచికలరాయుడు:
కళ్ళు మూసుకుని తీసుకోండి. మేజ్ ఆర్మర్‌తో మీ ఏసీ (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె) 13కి డెక్స్టెరిటీ వల్ల వచ్చే 2 కలిపి 15. హాఫ్ ప్లేట్‌తో 17, డాలు పడితే 19. ఇరవై ముఖాల పాచికకి +6 కలిపి కొట్టే శత్రువు దెబ్బ 15 మీద 60 శాతం తగులుతుంది, 19 మీద 40. షీల్డ్ మంత్రం +5 కూడా వేస్తే 20 మీద 35 శాతం, 24 మీద 15. అంటే సగానికి సగం కంటే తక్కువ! పైగా మేజ్ ఆర్మర్ ఉండేది ఎనిమిది గంటలే, దానికో స్లాట్ (రోజుకిన్ని అని ఉండే మంత్రావకాశం) ఖర్చు.

పాతకాపు:
ఈ కాలం వాళ్ళకి అన్నీ కావాలి. పాత 3.5 ఎడిషన్‌లో విజార్డ్ ఫుల్ ప్లేట్ తొడిగితే చేతి సైగలున్న ప్రతి మంత్రానికీ 35 శాతం తుస్సుమనే గండం. లెదర్‌కే 10 శాతం. శక్తి ఎక్కువ, ఒళ్ళు సున్నితం, అదీ ఆ క్లాస్ మజా. విజార్డే 19 ఏసీతో ముందు నిలబడితే ఇక ఫైటర్ ఎందుకు?

మూడోకన్ను:
పాతకాపు గారూ, మజా సంగతి ఒప్పుకుంటాను గానీ ఆయన అడిగింది లాభనష్టాలు. రాయుడు గారి లెక్క తప్పు కాదు, కాకపోతే ఖరీదు పక్కన పెట్టేశారు.

హాఫ్ ప్లేట్ 750 బంగారు నాణేలు. మొదట్లో ఎవరి దగ్గరా అంత ఉండదు. 50కి దొరికే స్కేల్ మెయిల్‌తో సరిపెట్టుకోవాలి, అంటే డాలుతో కలిపి 18. రెండింటికీ స్టెల్త్‌లో (చప్పుడు లేకుండా నక్కడంలో) డిసడ్వాంటేజ్ ఉంది, అంటే రెండు పాచికలేసి తక్కువదే తీసుకోవాలి. అసలు ఖరీదు వేరే. ఐదో లెవెల్లో పక్క విజార్డ్ ఫైర్‌బాల్ అనే మూడో లెవెల్ మంత్రం వేస్తుంటే మీరు క్లెరిక్ 1, విజార్డ్ 4. క్లెరిక్ కూడా పూర్తి మంత్రగాడే కాబట్టి మూడో లెవెల్ స్లాట్లు మీకూ వస్తాయి, వాటిలో వేయడానికి మూడో లెవెల్ మంత్రమే ఉండదు! ఏడులో, తొమ్మిదిలో మళ్ళీ ఇదే వరస.

ఇంకో చిక్కు చేతులది. ఒక చేతిలో డాలు, ఇంకో చేతిలో మంత్ర పదార్థాల బదులు వాడే దండం. ఫైర్‌బాల్‌కి పదార్థం కావాలి కాబట్టి దండం పట్టిన చేత్తోనే సైగ కానిచ్చేయొచ్చు. షీల్డ్ మంత్రానికి పదార్థం లేదు, ఖాళీ చెయ్యి కావాలి. వార్ కాస్టర్ ఫీట్ (అదనపు నైపుణ్యం) లేకపోతే ఆ 24 కాగితం మీదే.

పాచికలరాయుడు:
దండం ఎవరు పట్టుకోమన్నారండీ? కాంపొనెంట్ పౌచ్ (మంత్ర పదార్థాల సంచి) నడుముకి కట్టుకుంటే ఆ చెయ్యి ఖాళీయే.

మూడోకన్ను:
నిజమే, ప్రత్యేక శక్తులున్న మాయా దండం దొరికేదాకా అదే మేలు. అయినా డ్రాగన్ ఊదే మంటకి మీ ఏసీతో పనిలేదు, అక్కడ సేవింగ్ త్రోనే (తప్పించుకోవడానికి మీరేసే పాచిక). కవచం వల్ల నాకు కనిపించే పెద్ద లాభం కాన్సన్ట్రేషన్, అంటే దెబ్బ తగిలినా మంత్రం తెగకుండా నిలబెట్టుకోవడం. దెబ్బలు తగ్గితే ఆ రోల్సూ తగ్గుతాయి.

గుండ్రాయి:
కాన్సన్ట్రేషనే కావాలంటే మొదటి లెవెల్ ఫైటర్‌తో మొదలుపెట్టండి. ఆ రోల్స్‌కి పనికొచ్చే కాన్స్టిట్యూషన్ సేవ్, హెవీ కవచం రెండూ వస్తాయి. మల్టీక్లాస్‌కి (రెండు క్లాసులు కలపడానికి) స్ట్రెంగ్త్ గానీ డెక్స్ గానీ 13 ఉంటే చాలు, మీకు 14 ఉంది.

మూడోకన్ను:
అప్పుడు మంత్రాలతో పాటు స్లాట్లు కూడా ఒక లెవెల్ వెనక. పైగా ప్లేట్‌కి స్ట్రెంగ్త్ 15 లేకపోతే వేగం పది అడుగులు తగ్గుతుంది. విజార్డ్‌కి అంత స్ట్రెంగ్త్ ఎక్కడిది? నీలిదండం గారూ, మీ ఆట ఏ లెవెల్ దాకా?

నీలిదండం:
పది దాకా అని డీఎం (మా ఆట నడిపేవారు) అన్నారు. అయితే ఐదు దాకా విజార్డే, ఫైర్‌బాల్ చేతికొచ్చాక ఆరులో క్లెరిక్. అప్పటికి 750 కూడా పోగవుతాయి.

పాతకాపు:
పోగవుతాయి సరే, ఆ డబ్బు పార్టీ మొత్తానిది కదా. మీ ఫైటర్ ప్లేట్‌కి 1,500 కావాలి. ముందు ఆయన్ని అడగండి.