ఏడేళ్ళ పాపకు రొమ్ము పెరుగుదల: ఆగి చూడాలా, స్టిమ్యులేషన్ టెస్టుకు పంపాలా?

పలమనేరు దగ్గర జనరల్ ప్రాక్టీస్ నాది. పిల్లల డాక్టర్లు, ఎండోక్రైన్ (హార్మోన్ల) వాళ్ళు కాస్త చెప్పండి. ఈడు వయసుకు ముందే మొదలైందా అన్నదే అనుమానం; అది తేల్చడానికి ఇంజెక్షన్ ఇచ్చి హార్మోన్ ఎంత పెరుగుతుందో చూసేదే స్టిమ్యులేషన్ టెస్టు.

పాప వయసు 7 ఏళ్ళ 2 నెలలు. నాలుగు నెలలుగా రెండు వైపులా రొమ్ము పెరుగుతోందని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. బరువు 25 కిలోలు, ఎత్తు 123 సెం.మీ. ముందు కొవ్వేమో అనుకున్నా. పడుకోబెట్టి, అమ్మ పక్కన ఉండగా చూస్తే చనుమొన కింద చిన్న బిళ్ళలా గట్టిగా తగిలింది. అంటే కొవ్వు కాదు, రొమ్ము గ్రంథే, టానర్ 2 (ఈడు దశల లెక్కలో రొమ్ము మొదలయ్యే దశ). జఘన రోమాలు లేవు, రక్తస్రావం లేదు, తలనొప్పి, చూపు ఇబ్బంది లేవు. హార్మోన్ మందులు, క్రీములు ఇంట్లో ఎవరూ వాడట్లేదు. (బ్రాయిలర్ కోడి వల్లే అంటోంది నాయనమ్మ, ఆ వాదన ఇంకా తెగలేదు.)

టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) మామూలే. ఉదయం తీసిన ఎల్‌హెచ్ (ఈడు మొదలైతే పెరిగే హార్మోన్) 0.2. ఎడమ మణికట్టు ఎక్స్‌రేలో ఎముక వయసు 8. స్కాన్‌లో గర్భాశయం పొడవు 3.2 సెం.మీ., ఎండోమెట్రియం (గర్భాశయం లోపలి పొర) కనపడలేదు.

చిక్కంతా ఎత్తు దగ్గరే; ఈడు మొదలైతే ఎత్తు వేగంగా పెరుగుతుంది కదా. ఏడాది కింద 116 అని స్కూల్ హెల్త్ కార్డులో ఉంది. ఆ లెక్కన ఏడాదికి 7 సెం.మీ., ఎక్కువే. కానీ ఆ కార్డులో పిల్లలందరి ఎత్తులూ గుండ్రటి అంకెలే, చెప్పులతో నిలబెట్టి కొలిచారో ఏమో. పాత కొలతల కోసం టీకాల కార్డు తెప్పించా, అందులో బరువులే ఉన్నాయి. తిరుపతిలో స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళడానికి తండ్రి వెనకాడుతున్నాడు, కూలి పోతుందని.

ఎత్తు పెరిగే వేగం నమ్మలేని ఇలాంటి కేసులో, మీరైతే మూడు నెలలు ఆగి నేనే మళ్ళీ కొలవమంటారా, ఇప్పుడే స్టిమ్యులేషన్ టెస్టుకు పంపమంటారా?