అస్సాంలో ‘స్థానికుడు’ అంటే ఎవరు? అక్కడ ఉండొచ్చినవాళ్లు చెప్పండి

గువాహటి_మూడేళ్లు: బ్యాంకు బదిలీ మీద 2018లో వెళ్లాను. ఎన్నార్సీ (రాష్ట్రంలో భారత పౌరులెవరో తేల్చే జాబితా) హడావిడి నడుస్తోంది. మా అటెండరు రోజూ ఒక ప్లాస్టిక్ కవరు వెంట తెచ్చుకునేవాడు. ఇంట్లో పెడితే వరదొచ్చి పోతుందని భయం. అందులో లామినేషన్ చేయించిన 1966 ఓటర్ల జాబితా నకలు. తాత పేరు చివర ఒక కాగితంలో ‘అలీ’ ఉంది, ఇంకోదాంట్లో లేదు. ఆ రెండక్షరాల కోసం మూడుసార్లు విచారణకి తిరిగాడు. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందే తామో తమ పెద్దలో ఇక్కడున్నారని చూపించాలి మరి. 2019 ఆగస్టు 31న తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా చోటు దక్కలేదు. ఇతని పేరు వచ్చింది, భార్యది రాలేదు. చదువుకోకుండా చిన్నప్పుడే పెళ్లై వచ్చిన మనిషి దగ్గర పుట్టింటి కాగితం ఏముంటుంది చెప్పండి?

రిటైర్డ్_గార్డు: నేనూ మొదట ఇదంతా హిందూ ముస్లిం గొడవే అనుకున్నాను. లమ్‌డింగ్‌లో పనిచేశాక తెలిసింది, భాష గొడవ అంతకంటే పాతదని. 1961 మే 19న సిల్చర్‌లో పోలీసు కాల్పులకి 11 మంది పోయారు, బెంగాలీకి అధికార హోదా అడిగి. 2019లో పౌరసత్వ సవరణ చట్టం (బంగ్లాదేశ్ లాంటి పొరుగు దేశాల నుంచి వచ్చిన హిందువుల్లాంటి ముస్లిమేతరులకి పౌరసత్వం ఇచ్చేది) వచ్చినప్పుడు చూడండి: దేశమంతా ముస్లింలని వదిలేశారని ధర్నాలు, అస్సామీలు ఎక్కువుండే బ్రహ్మపుత్ర లోయలో మాత్రం బెంగాలీ హిందువులని కూడా రానివ్వొద్దని. సిల్చర్ ఉన్న బరాక్ లోయలో, బెంగాలీలే ఎక్కువ కాబట్టి, అదే చట్టానికి స్వాగతం!

ఓయూ_పాతబ్యాచ్: అంటే మన ముల్కీ గొడవలాంటిదేగా?

రిటైర్డ్_గార్డు: కొంతవరకే తమ్ముడూ. మన దగ్గర ఉద్యోగం ఎవరిది అన్నారు గానీ దేశం ఎవరిది అనలేదు. అక్కడ విదేశీయుల్ని పంపెయ్యాలని విద్యార్థులు నడిపిన ఆరేళ్ల ఉద్యమం 1985 ఆగస్టులో కేంద్రంతో ఒప్పందంతో ఆగితే, ఆ డిసెంబరు ఎన్నికల్లో గెలిచి ఉద్యమం చేసిన కుర్రాళ్లే మంత్రులయ్యారు. మన 1969 కుర్రాళ్లకి ఆ యోగం పట్టలేదు.

సీతంపేట_అబ్బాయి: టీ తోటలవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? దిబ్రూగఢ్ దగ్గర ఒక తోటలో సవరల కుటుంబం కలిసింది. తెల్లదొరల కాలంలో కూలికి తీసుకెళ్లినవాళ్ల సంతానం. ముసలావిడకి సవర మాటలు నాలుగైదు గుర్తున్నాయి, మనవలకి తోటల్లో మాట్లాడుకునే సాద్రీ భాష తప్ప రాదు. మా ఊళ్లో సవరలు ఎస్టీ, అక్కడ ఓబీసీ! ఎస్టీ హోదా ఇస్తామని ప్రతి ఎన్నికకీ అన్ని పార్టీలూ చెబుతాయి. ఇస్తే మా వాటా తగ్గుతుందని ఇప్పటికే ఎస్టీలుగా ఉన్న బోడోలూ మిగతావాళ్లూ ఒప్పుకోరు. ఎవరిని తప్పుపడతాం?

జనగణన_పిచ్చోడు: ఇంకో విచిత్రం. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి నదీ లంకల్లో (అక్కడ ‘చర్’ అంటారు) సాగుచేసుకున్న ముస్లింలు చాలామంది 1951 జనగణనలో మాతృభాష అస్సామీ అని రాయించుకున్నారు. రాష్ట్రంలో అస్సామీ మెజారిటీ అవడానికి వాళ్ల లెక్కా పనికొచ్చింది. వాళ్ల మనవలే ఇప్పుడు లంక కోతకి గురై గువాహటిలో రిక్షా తొక్కుతుంటే ‘బంగ్లాదేశీ’ అనిపించుకుంటున్నారు.

ఓయూ_పాతబ్యాచ్: గువాహటి గారూ, ఆ అటెండరు భార్య సంగతి ఏమైంది?

గువాహటి_మూడేళ్లు: తిరస్కరణ పత్రం చేతికొస్తేగానీ విదేశీయుల ట్రిబ్యునల్‌లో (పౌరుడో కాదో తేల్చేది) అప్పీలు వేయడానికి లేదండీ. 2021లో నేను వచ్చేసేదాకా అది రాలేదు. ఆ కవర్లోనే ఆవిడవీ సర్దాడు. మందం పెరిగి జిప్పు పట్టడం లేదని రబ్బరు బ్యాండు వేసి తెస్తుండేవాడు.