మా పుస్తకాల బీరువా మధ్య వరసకు తెలుగులో ఏం పేరు పెట్టను?

ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ కింద చిన్న పుస్తకాల బీరువా ఒకటి నడుపుతున్నాం. పై వరస పెద్దలది, కింది వరస పిల్లలది. చిక్కంతా మధ్య వరసతోనే. మాంత్రికులు, డ్రాగన్లు, గ్రహాంతర ప్రయాణాలు. ఇంగ్లీషులో యంగ్ అడల్ట్ అంటారే, అవి. టీనేజీ వాళ్లకని రాసినవే గానీ నలభై దాటిన నేనూ వదలను. ఆ వరసకు తెలుగులో చీటీ అంటించాలి.

నాకు మొదట తట్టింది శ్రీనాథుడు. కాశీఖండం మొదట్లో తన రచనలను వయసుల వారీగా చెప్పుకుంటాడు కదా. ‘చిన్నారి పొన్నారి చిఱుత కూకటినాఁడు’ మరుత్తరాట్చరిత్ర, ‘నూనూగు మీసాల నూత్న యౌవనమున’ శాలివాహన సప్తశతి. పిలక వయసు ఒకటి, మీసం మొలిచే వయసు ఒకటి! ముచ్చటపడి ‘నూనూగు సాహిత్యం’ అని రాసి మా అమ్మాయికి చూపించాను. “నాకు మీసాలెక్కడున్నాయమ్మా?” అంది. చీటీ చించేశాను. మీకేమైనా తడితే చెప్పండి.

— కౌమార సాహిత్యం అనండి మేడమ్. వాడుకలో ఉన్నదే.

— సంస్కృతం లెక్క వేరండీ. ‘కౌమారం పంచమాబ్దాంతం’ అని శ్లోకం. అయిదేళ్లకే కౌమారం అయిపోతుంది. పదేళ్ల దాకా పౌగండం, పదిహేను దాకా కైశోరం. బెంగాలీలు కిశోర సాహిత్యం అనే అంటారు. సత్యజిత్ రాయ్ 1961లో మొదలుపెట్టిన ప్రొఫెసర్ శొంకు కథలు ఆ కోవలోవే.

— శ్లోకం సరే మాస్టారూ, కౌమారం టీనేజీకి స్థిరపడిపోయింది, ఇప్పుడు వెనక్కి లాగలేం. నా బాధ వేరు. ఆ మాట వింటే ఆసుపత్రి గోడ మీద పోస్టర్ గుర్తొస్తుంది. పుస్తకం తీయబుద్ధి కాదు.

— మా శ్రీకాకుళం వైపు గుంటలంటాం. ‘గుంటల పుస్తకాలు’ అని పెట్టేయండి, ఏటవుద్ది?

— నాకిష్టమే బాబూ. మా బిల్డింగులో సగం మంది గుంటూరు వైపు వాళ్లు, గొయ్యి అనుకుంటారు.

— ఎలప్రాయం? ఎలమావి, ఎలకోయిల, ఎలనాగల్లో ఉన్న ‘ఎల’. లేత అని. మీసాల గొడవ లేదు.

— అబ్బ, ఇది బాగుంది! పేరు కుదిరితే సగం పని అయినట్టే. ఆ వరసలో నాకు ప్రాణమైన పుస్తకం చెప్పేదీ అదే. అర్సులా లె గ్విన్ 1968లో రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. అందులో మంత్రమంటే దేనికైనా అసలు పేరు తెలియడమే. పేరు తెలిస్తే అది మన మాట వింటుంది. అందుకే మనుషులు అసలు పేరు దాచుకుని వాడుక పేరుతో తిరుగుతారు. మనలాంటి పదాల పిచ్చోళ్ల కోసమే రాసినట్టుంటుంది. పెద్ద పిల్లల కోసం ఒకటి రాయమని ప్రచురణకర్త అడిగితే రాసిందట. చావు భయాన్ని అంత తిన్నగా చూసిన పెద్దల నవల నేను ఎక్కువగా చదవలేదు.

— పిల్లల పుస్తకం పట్టుకోవాలంటే పెద్దలకు సిగ్గు కదండీ. హారీ పోటర్‌కు 1998లోనే పెద్దల కోసమని వేరే అట్ట వేశారు.

— సరే, ‘ఎలప్రాయం’ అంటించేశాను. మూడో అంతస్తు పెద్దాయన చూసి “మనవడి కోసం” అని ఎర్త్‌సీ పట్టుకెళ్లారు. మనవడు ఉండేది కాకినాడలో.