మనసు వొకటై / మనసులొకటై : గురజాడ ఏది రాశాడు?

బరంపురం కోడలు:
అందరికీ నమస్కారం. ఒక ‘లు’ మూడు రోజులుగా నా ప్రాణం తీస్తోంది. మా అబ్బాయి ఇంగ్లండులో చదువుతున్నాడు. అక్కడికి వలసొచ్చి స్థిరపడ్డ ముస్లిముల గురించి మా ఇంటి వాట్సాప్‌లో మాటామాటా పెరిగింది. ‘తరాలు గడిచినా వాళ్ళు ఆ దేశంలో కలవరు, తినేది అక్కడ, మనసు ఇంకెక్కడో’ అని మా చినమావగారు. నేను ఊరుకోలేక గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’ గేయంలోంచి ‘మతం వేరైతేను యేమోయ్, మనసులొకటై మనుషులుంటే’ అని పెట్టాను. ఆయన వెంటనే ‘మనసులు కాదమ్మా, మనసు. మనసు వొకటై. అంటే అందరిదీ ఒకే మనసు కావాలన్నాడు గురజాడ. నేననేదీ అదే’ అన్నారు. నా పద్యంతో నన్నే కొట్టారు! ఇంతకీ అసలు పాఠం ఏది? కింది పాదంలో, ‘... లేచి పెరిగీ లోకమున రాణించునోయ్’ అనే చోట, జాతమన్నదా, జాతియన్నదా? అదీ చెప్పండి.

ముత్యాలసరం:
గణాలు వేస్తే తేలిపోతుందని కాగితం పెన్సిలు పట్టుకు కూర్చున్నాను. మనసు / వొకటై, మూడూ నాలుగు మాత్రలు. మనసు / లొకటై, అదీ మూడూ నాలుగే. జాత / మన్నది, జాతి / యన్నది, మళ్ళీ అంతే. ఛందస్సు చేతులెత్తేసింది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. ‘లేచి పెరిగి’ అనేవాళ్ళు ఒక మాత్ర మింగేస్తున్నారు. ‘పెరిగీ’ అని సాగదీయాలి.

కిమిడి మాస్టారు:
అమ్మా, మీ మావగారి పాఠమే సరి, ఆయన తీసిన అర్థం సంగతి తర్వాత. ఆ ‘వొ’ చూడండి. వొట్టి మాటలు, వొట్టి గొప్పలు, వొకమేల్... విజయనగరం నోరు అది. ‘మనసులొకటై’ అంటే ఆ వొకారం ఎగిరిపోయి గ్రాంథికం వాసన కొడుతుంది. ఇది 1910లో రాసిన గేయం, 1913లో కృష్ణాపత్రికలో పడింది. తర్వాత పాఠ్యపుస్తకాల వాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఇస్త్రీ చేశారు. పర్లాకిమిడిలో మా ఇంట్లో ఒక పాత ప్రతి ఉంది, దాంట్లో ‘వొకటై’ అనే చదివిన గుర్తు.

సూరిగారి శిష్యుడు:
‘చదివిన గుర్తు’ సాక్ష్యం కాదు మాస్టారూ. అచ్చులో వొ ఉంటే అది గురజాడ వారిదో, కంపోజిటరుదో ఎవరు చెప్పాలి? అసలు గొడవ కింది పాదంలో ఉంది, దాన్ని అందరూ దాటేస్తున్నారు. జాతి + అన్నది. తత్సమం కాబట్టి ఇకారం లోపించదు. చిన్నయసూరి గారి సూత్రం ఉండనే ఉంది: ‘సంధి లేనిచోట స్వరంబుకంటెం బరంబయిన స్వరంబునకు యడాగమంబగు.’ కాబట్టి మధ్యలో యకారం వచ్చి జాతియన్నది. ‘జాతమన్నది’ రావాలంటే మూలపదం జాతి కాదు, జాతము. జాతమంటే సమూహం, వస్తుజాతం తరుజాతం అంటాం చూడండి. రెండిటికీ బోలెడు తేడా.

ముత్యాలసరం:
జాతమంటే ‘పుట్టినది’ అని కూడా కదా గురువుగారూ? నాకు ఎప్పట్నుంచో ఒక ఊహ ఉంది, నవ్వకండి. పై చరణంలో ‘అన్నదమ్ముల వలెను జాతులు’ అన్నాడు, అక్కడ జాతులంటే కులాలు, తెగలు. ఇక్కడికొచ్చేసరికి అదే మాట వాడడం ఇష్టం లేక జాతం అన్నాడు, కొత్తగా పుట్టేది అని. అందుకే ‘లేచి పెరిగీ’. పాతది లేవడమేమిటి, పుట్టింది కదా లేచి పెరుగుతుంది!

సూరిగారి శిష్యుడు:
బావుంది, కానీ జాతి కూడా ఆ ‘జన్’ ధాతువు బిడ్డే. ఇంగ్లీషు నేషన్ కూడా లాటిన్‌లో పుట్టుక అనే మాట నుంచే వచ్చింది. పుట్టుకను తప్పించుకునే దారి లేదు.

రాయగడ రైలు:
పుట్టుక అన్నారు కాబట్టి చెప్తున్నా. జర్మనీ 1961లో తుర్కియేతో ఒప్పందం రాసుకుని కూలీలను తెచ్చుకుంది. వాళ్ళకు అక్కడే పుట్టిన పిల్లలు మాత్రం పుట్టుకతో జర్మన్లు కారు, రక్తం చూసేవారు. 2000 నుంచే, అదీ షరతుల మీద, అక్కడి నేల మీద పుట్టినందుకు పౌరసత్వం ఇస్తున్నారు. అంటే రక్తం నుంచి మట్టికి వచ్చారు. మన గురజాడేమో మట్టి కాదోయ్ అన్నాడు. ఇప్పుడు ఆయన ఏ పక్షం? :)
వేళాకోళం పక్కన పెడితే, చినమావగారిని మీరంతా కలిసి విలన్‌ను చేస్తున్నారు. ఒక దేశానికి వెళ్ళాక ఆ భాష నేర్చుకోవాలి, ఆ చట్టానికి తలొగ్గాలి, పిల్లలను ఆ బడికి పంపాలి. ఈ మాట అంటే ద్వేషం ఎలాగవుతుంది? ‘చెట్టపట్టాల్ పట్టుకొని దేశస్థులంతా నడవవలెనోయ్’ అన్నాడు కదా. చెయ్యి ఇవ్వనివాడి చెయ్యి ఎలా పట్టుకుంటాం?

బరంపురం కోడలు:
భాష, చట్టం అంటే నాకూ పేచీ లేదండీ. ఆయన అడిగింది అది కాదు, క్రికెట్! అక్కడ పుట్టిన కుర్రాళ్ళు పాకిస్తాన్ గెలిస్తే చప్పట్లు కొడతారట, అదీ ఆయన రుజువు.

డేరా వీధి:
అది ఆయన సొంత సరుకు కాదమ్మా. 1990లో నార్మన్ టెబిట్ అనే బ్రిటిష్ నాయకుడు పెట్టిన పరీక్ష. వలసొచ్చిన ఆసియా వాళ్ళలో చాలామంది క్రికెట్ పరీక్ష తప్పుతారు, ఎవరి జట్టుకు జేకొడతారో చూడండి అన్నాడు. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి ఇంగ్లండు కెప్టెన్ నాసర్ హుస్సేన్. మద్రాసులో పుట్టినవాడు.
సరే, ఆ పరీక్ష మనం రాద్దాం. కటక్ బారాబాటీ స్టేడియంలో ఒడిశాకీ ఆంధ్రాకీ రంజీ మ్యాచ్ అనుకోండి. బరంపురం తెలుగువాడు ఎవరికి జేకొట్టాలి? నేను ఆంధ్రాకి కొడతాను, నా కొడుకు ఒడిశాకి. ఇద్దరం ఒకే కంచంలో తింటాం. ఒకాయన నన్ను మొహమ్మీదే ‘మీ తెలంగాలు ఎన్నేళ్ళయినా ఇంతే’ అన్నాడు. మా తాతముత్తాతలు రాజమండ్రి వైపు నుంచి మగ్గాలు భుజానేసుకుని వచ్చినవాళ్ళు. ఊరు పేరుతో దేశమంతా అమ్ముడయ్యే పట్టుచీర మా చేతి పని.

కిమిడి మాస్టారు:
బరంపురం అమ్మవారు ఠాకురాణి జాతర మాట మర్చిపోయారేం? మీ డేరా నేతవాళ్ళ ఆడపడుచుగా ఘటం మీదెక్కి మీ వీధికి వస్తుంది బుఢీ ఠాకురాణి. ఊళ్ళో ఒడియా వాళ్ళంతా ఆవిడకు మొక్కుతారు. ఎవరు ఎవరిలో కలిసిపోయారో చెప్పమనండి మావగారిని.

రాయగడ రైలు:
దేవుడు ఒకడైతే కలవడం సుళువే మాస్టారూ. మతం వేరైనప్పుడు కదా పరీక్ష.

డేరా వీధి:
అయితే పూరీ వెళ్దాం. సాలబేగ్ తండ్రి మొగలు సేనాని అంటారు. జగన్నాథుడి మీద అతను రాసిన భజనలు ఒడిశాలో పాడని ఊరు లేదు. ఏటా రథం బడదాండలో, అంటే రథవీధిలో, అతని సమాధి దగ్గర ఆగి మరీ కదులుతుంది.

సూరిగారి శిష్యుడు:
రథం ఆగుతుంది, నిజమే. గుడి తలుపు మాత్రం అతనికి తెరుచుకోలేదు. అతనిది మనసు ‘వొకటై’ పోయింది కదా, మరి లోపలికి ఎందుకు రానివ్వలేదు? మావగారి సూత్రానికి అక్కడే గండి పడింది. ఒక్క మనసు అయినా చాలదన్నమాట.
సరే, నా పిచ్చి నాది, వ్యాకరణంలోకి వస్తాను. పరాయివాణ్ణి కలుపుకోవడాన్ని ఏమంటారని ఇంగ్లీషువాళ్ళు కొట్టుకుంటున్నారు. మనకి ఎప్పుడో మాటలున్నాయి. అగ్ని అగ్గి అయింది, గకారం పక్కన నకారం ఆనవాలు లేకుండా పోయింది. అది వర్ణసమీకరణం. రెండోది, ‘శత్రువదాదేశః’, ఉన్నదాన్ని గెంటేసి కూర్చునేది. వలసలంటే భయపడేవాళ్ళ భయం ఇదే. మూడోది ‘మిత్రవదాగమః’. జాతి, అన్నది. ఎవరి అచ్చు వారికే ఉంది. మధ్యలో ఒక యకారం స్నేహితుడిలా వచ్చి నిలబడింది, ఎవర్నీ తొలగించలేదు. ఆగమం అంటేనే రావడం! అందుకే జాతియన్నదే సరైన పాఠం అంటాను. 1966లో బ్రిటన్ హోం మంత్రి రాయ్ జెంకిన్స్ అన్నదీ ఇంచుమించు ఇదే. కలవడమంటే అందర్నీ చదును చేయడం కాదు, అవకాశం సమానం, తేడాలు ఉంటాయి, ఒకరినొకరు సహించాలి అని.

ముత్యాలసరం:
గురువుగారూ, అర్థం నచ్చిందని పాఠం దిద్దుతున్నారు. పొద్దున్న మాస్టారిని తిట్టింది ఇందుకే కదా! పైగా గురజాడ సూరిగారి మాట ఎప్పుడు విన్నాడని?

కిమిడి మాస్టారు:
హహ. బాగా పెట్టావురా అబ్బాయీ. సూరిగారి సంకెళ్ళు తెంచిన గిడుగు వారు మా ఊరి వారు, గురజాడకి విజయనగరంలో సహపాఠి. సవర గిరిజన పిల్లలకు తెలుగు రుద్దకుండా, తానే సవర నేర్చుకుని ఆ భాషలో పుస్తకాలు రాసిచ్చారు. ‘మీరే వచ్చి మాలో కలవండి’ అనలేదు. అంతటి మనిషిని 1936 ఏప్రిల్లో గీత గీసి పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఎవరూ అడగలేదు. ముసలితనంలో ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. దేశమంటే మట్టి కాదోయ్ అని పాడేటప్పుడు మా నాన్నగారి గొంతు ఈ కారణంగానే జీరబోయేది. దీనికీ ‘లు’కీ సంబంధం లేదు, గుర్తొచ్చింది చెప్పాను.

రాయగడ రైలు:
మాస్టారూ, ఇంకో చిక్కు. గురజాడ తన ‘ముత్యాల సరములు’ గేయంలో ‘మతములన్నియు మాసిపోవును, జ్ఞానమొక్కటె నిలిచి వెలుగును’ అన్నాడు. అక్కడ మతాలే మాసిపోతాయి, ఇక్కడ అన్నదమ్ముల్లా మెలగాలి. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో రాసినవే. ఏది నమ్మాలి?

డేరా వీధి:
మాసిపోవడం అందరివీ కదండీ, ఒక్కరిది కాదు. వలసొచ్చినవాణ్ణి మాత్రమే మాసిపొమ్మనలేదు ఆయన.
నాకైతే ‘వేరైతేను’ దగ్గరే అంతా ఉంది. అన్నదమ్ములు అన్నాక వేరు అన్నాడు. వేరు పడడం, వేరు కాపురం! పొయ్యి వేరు, వంట వేరు. తద్దినానికి అందరూ ఒకచోట చేరతారు. వేరు పడ్డవాణ్ణి పరాయివాడని ఏ ఊళ్ళో అంటారు?

బరంపురం కోడలు:
ఈ మాట మావగారికి పంపించేశానండీ! ఇంకో సంగతి. నిన్న మా అత్తగారు చేటలో మినపప్పు ఏరుకుంటున్నారు. చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్నట్టే పాడమన్నాను. మూడుసార్లు పాడించాను. రెండుసార్లు వొకటై, ఒకసారి లొకటై. తేడా ఆవిడకే తెలియలేదు. ‘ఏటుంది అందులో, రెండూ ఒకటే కదా’ అని పప్పు చెరిగేసుకున్నారు.

ముత్యాలసరం:
మరి ఈ దేశభక్తి గేయంలోనే స్వదేశీ చరణంలో, ‘జల్డుకొని కళలెల్ల నేర్చుకు’ అనే చోట, ‘జల్డుకొని’ని ఆవిడ ఎలా పలికారు? నా లెక్కలో అది జల్దీ. దేశి సరుకులు నించమనే చరణంలోకి ఉర్దూ మాట దర్జాగా వచ్చి కూర్చుంది. దాని విధేయతను ఎవరూ శంకించలేదు.

సూరిగారి శిష్యుడు:
జల్దీలో దకారం. ఇక్కడ డకారం. ఎలా వచ్చిందో చెప్పి మాట్లాడు.

ముత్యాలసరం:
వలసొచ్చాక యాస మారదా గురువుగారూ?

సూరిగారి శిష్యుడు:
యాస రుజువు కాదు. జల్దుకొని అని ఎక్కడైనా అచ్చయిందా, చూపించు. మాస్టారూ, మీ పాత ప్రతి ఫోటో పెట్టండి, రెండు పంచాయితీలూ ఒకేసారి తెగుతాయి.

కిమిడి మాస్టారు:
పెడతాను, పెడతాను. చిన్న ఇబ్బంది. మేం వేరు పడ్డప్పుడు పుస్తకాల పెట్టె మా తమ్ముడి వాటాకి వెళ్ళింది. వాడు తాళం చెవి ఎక్కడో పెట్టి మర్చిపోయాడట.