ఇంగ్లండ్ పల్లెల్లో రోమన్ రోడ్లు: అంతకుముందు దారే లేదా?

పొలంగట్టు: ఆదివారం లెస్టర్‌షైర్‌లోని హై క్రాస్ దగ్గర నడిచాం. ఫాస్ వే, వాట్లింగ్ స్ట్రీట్ అనే రెండు రోమన్ రోడ్లు కలిసేది అక్కడే. వాట్లింగ్ స్ట్రీట్ ఇప్పుడు ఏ5 హైవే, లారీల హోరు. ఫాస్ వే మాత్రం పొదల మధ్య పచ్చటి బాట. వెంట వచ్చినాయన "రోమన్లు రాకముందు ఇక్కడ బురద తప్ప ఏమీ లేదు" అన్నాడు. నాకు మనసుకు పట్టలేదు. నిజమేనా?

కంకర_ఇంజనీర్: ఆయన కాస్త ఎక్కువ చెప్పాడు గానీ అసలు మాట తప్పు కాదు. లింకన్ నుంచి ఇల్‌చెస్టర్ దాకా 293 కి.మీ.; ఫాస్ వే ఎక్కడా సరళరేఖకు 10 కి.మీ. మించి పక్కకు పోదు. సర్వే లేకుండా అలాంటి అలైన్‌మెంట్ రాదు. కట్ట ఎత్తి, పైన కంకర పరిచి, అటూఇటూ కాలువలు తీశారు. పశువులు నడిచిన డొంకకు అవి ఉంటాయా?

ష్రూస్‌బరీ_కోడలు: ఉన్నాయండీ. మా ఊరి పక్కన షార్ప్‌స్టోన్ హిల్ క్వారీలో 2009లో తవ్వితే, రోమన్ రోడ్డు అనుకున్నది అంతకంటే పాతదని తేలింది. కింద కొమ్మలు పరిచి, పైన గులకరాళ్లు వేసి, నీళ్లు నిలవకుండా మధ్యలో ఎత్తుగా కట్టారు. క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిది. రోమన్ సైన్యం దిగింది క్రీ.శ. 43లో.

కంకర_ఇంజనీర్: ఒక్క ముక్క దొరికితే 293 కి.మీ. లైన్ అయిపోతుందా?

పొలంగట్టు: లైను, లైను! సిల్చెస్టర్ అనే పాత రోమన్ పట్నంలో రోమన్ వీధుల కింద, వాళ్లు రాకముందటి ఇనుపయుగపు వీధులు వేరే దిక్కున బయటపడ్డాయి. ఊరు ముందే ఉంది సార్.

బాటసారి88: నార్తాంప్టన్‌షైర్‌లో రైల్వే లైను కోసం తవ్విన బ్లాక్‌గ్రౌండ్స్‌లోనూ అంతే. 30కి పైగా గుండ్రటి ఇళ్లున్న పాత పల్లె, ఆ తర్వాత రోమన్ల నాటి వ్యాపారపు ఊరు. రోడ్డు వెడల్పు 10 మీటర్లు.

కంకర_ఇంజనీర్: ఆ 10 మీటర్లు ఎవరు వేశారో కూడా చెప్పండి మరి! పొలంగట్టు గారూ, ఎండలో లెవెల్ పట్టుకుని నిలబడ్డవాడికి తెలుస్తుంది లైన్ అంటే ఏమిటో. 22 ఏళ్లు సైట్ల మీదే బతికాను. శిలాఫలకం మీద ఒక్కసారీ మా పేరు లేదు. పని చేసినవాడి పేరు చెరిపేస్తే ఊరుకోను.

పొలంగట్టు: నాకూ మండుతుంది. మా నాన్న పొలం మీదుగా బైపాస్ వేసినప్పుడు, "మీ ఊరికి దారి తెచ్చాం" అన్నారు. మా తాత బండి తోలిన బాట అది! ఆయన దారి దారి కాదా? హై క్రాస్ దగ్గర నాకు గుచ్చుకున్నది అదే. కట్టినవాళ్లను నేను కాదనలేదు. నడిచినవాళ్లు లేనే లేరన్నారు చూడండి, అదీ నా బాధ.

ష్రూస్‌బరీ_కోడలు: ఆ కొమ్మలు పరిచినవాళ్లూ పనివాళ్లే కదండీ, ఇంజనీర్ గారూ.

కంకర_ఇంజనీర్: అవును తల్లీ, ఆ మాట ఒప్పుకుంటాను. నీళ్లు పోయేలా కట్టారంటే వాళ్లకు పని తెలుసు. పొలంగట్టు గారూ, మీ నాన్నగారి విషయం తెలియక గట్టిగా అన్నాను, ఏమీ అనుకోకండి. కానీ ఫాస్ వే లైన్ మాత్రం రోమన్లదే. అందులో మార్పు లేదు.

పొలంగట్టు: లైను వాళ్లదే, తీసుకోండి. దారి సంగతి మాత్రం నేను వదలను.