పూనకం, మైమరపు, సోయి తప్పడం... మూడింటికీ ఒక్క మాట సరిపోతుందా?

పొద్దున గ్రూపులో ఒకరు అడిగారు, సైకాలజీ పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నారట, మనిషి స్పృహ మామూలుగా ఉండకుండా వేరే తీరులోకి వెళ్ళే సందర్భాలన్నిటికీ కలిపి ఒక్క తెలుగు మాట కావాలి, "పూనకం" వాడేయొచ్చా అని. చాలామంది వాడేయండి అన్నారు. నాకైతే అస్సలు ఒప్పుకోబుద్ధి కావట్లేదు, ఎందుకో కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పూనకం "పూను" నుంచి వచ్చింది. పూనడం అంటే ధరించడం, మీద వేసుకోవడం. పనికి పూనుకున్నాడు అంటాం కదా అదే, పాత కావ్యాల్లో రథానికి గుర్రాలు పూన్చారు అని వచ్చేదీ అదే. ఒకటి వచ్చి మీద నిలవడం అన్నమాట. అందుకే "అమ్మవారు పూనింది" అన్నప్పుడు పని చేసేది అమ్మవారు, మనిషి ఆమెని మోస్తున్నాడు అంతే. సోయి తప్పింది, స్పృహ తప్పింది, మతి తప్పింది అన్నప్పుడు ఎవరూ మీదికి రాలేదు, ఉన్నదే దారి తప్పింది. ఇక మైమరపులో మై అంటే ఒళ్ళు, పాట వింటూనో పసిబిడ్డని చూస్తూనో ఒంటిని మరిచిపోవడం, ఇందులో ఏదీ రాలేదు ఏదీ పోలేదు. నిషా ఎక్కుతుంది, దయ్యం పడుతుంది, జ్వరంలో సంధి (మతి చెదిరి ఏదేదో పేలడం) పుడుతుంది. ఎన్ని క్రియలు చూడండి, ఒక్కోదానికి ఒక్కో కథ.

ఎలా వచ్చిందో దాన్నిబట్టే ఎలా పోవాలో కూడా భాషే చెప్పేస్తుంది. ఎక్కింది దిగాలి, పట్టింది వదలాలి, తప్పిన తెలివి మళ్ళీ రావాలి. పూనకం కూడా దిగింది అంటాం గానీ దానికి ఇంకో మాట ఉంది, శాంతించడం. "శాంతించు తల్లీ" అని దండం పెట్టి అడుగుతారు. తాగినవాణ్ణి శాంతించు తండ్రీ అని ఎవరూ అడగరు కదా. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మనిషితో ఎలా మెలగాలో ఆ క్రియలోనే ఉంది, నా బాధంతా దీని గురించే.

మా చిన్నమ్మకి ఎల్లమ్మ బోనాలప్పుడు శిగం వచ్చేది (మా దిక్కు పూనకం కన్నా శిగం అనే ఎక్కువ అంటరు, శిగమూగుతుంది అంటరు). డప్పు దగ్గరయ్యే కొద్దీ ముందు కాళ్ళ వేళ్ళు నేలని పట్టుకునేవి, తర్వాత మెడ, తర్వాత జుట్టు ముడి ఊడిపోయేది, ఆ తర్వాత గొంతు మారేది. మామూలు రోజుల్లో మామ ముందు తల ఎత్తి మాట్లాడని మనిషి, అదే మామని "బిడ్డా, నా గుడికి సున్నం ఎందుకెయ్యలేదురా" అని అడిగేది, ఆయన చేతులు కట్టుకుని "తప్పైంది తల్లీ, వచ్చే ఏడు వేస్త" అనేవాడు. నువ్వు మీరు, బిడ్డ తల్లి, వరసలన్నీ తిరగబడిపోయేవి. అయిపోయాక పసుపునీళ్ళు చల్లి, మంచినీళ్ళు తాగించి, ఆడవాళ్ళు పక్కన కూర్చుని కాళ్ళు ఒత్తేవాళ్ళు. ఏమన్నదో ఆమెకి గుర్తుండేది కాదు, ఒళ్ళునొప్పులు మాత్రం రెండ్రోజులు ఉండేవి. అన్న మాటకి ఎవరూ ఆమెని నిలదీయలేదు, ఎందుకంటే అన్నది ఆమె కాదు అని భాషే ఒప్పేసుకుంది.

ఇదే పెద్దగా చూడాలంటే సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో ఆషాఢంలో బోనాల మర్నాడు, సోమవారం జరిగే రంగం చూడండి. అమ్మవారు పూనే మాతంగి అనే ఆవిడ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది, వానలు పంటలు జబ్బుల గురించి అడుగుతారు, ఆమె జవాబు "నా బాలలు" అనే పిలుపుతోనే సాగుతుంది. ఎదురుగా ఉన్నది ముసలివాళ్ళైనా మంత్రులైనా ఆ గడియకి బాలలే.

ఇంకో సంగతి కూడా గమనించండి, తంతుకి దూరమైన కొద్దీ ఈ మాటలు కోపం వైపు జారిపోతున్నాయి. ఆవేశం అంటే ఒకప్పుడు లోపలికి ప్రవేశించడం, దేవతో దయ్యమో ఆవేశించడం, ఇప్పుడు "ఆవేశపడకు" అంటే కోప్పడకు అనే. శివాలెత్తాడు అంటే కూడా తిట్టిపోశాడనే అర్థం మిగిలింది. పూనకం ఇప్పుడు సినిమా హాల్లో ఈలల దగ్గరికి చేరింది. అది తప్పని అనను, మాటలు అలాగే తిరుగుతాయి, కానీ పాఠ్యపుస్తకం కూడా ఆ జారుడులోనే పోతే ఎలా.

కామెంటు, తూర్పుగోదావరి నుంచి:
మా వైపు పూనకం వచ్చే మనిషిని గణాచారి అంటామండీ, ఒంటిమీదకొచ్చింది అని కూడా అంటాం. కానీ "దయ్యం పూనింది" అనేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, మరి మీరు గీసిన గీత నిలుస్తుందా?

జవాబు: అంటారండీ, నేనూ విన్నాను. తిరగేసి చూడండి, "అమ్మవారు పట్టింది" అని మాత్రం నేనెప్పుడూ వినలేదు. ఒళ్ళంతా పొక్కులొస్తే "అమ్మవారు పోసింది" అంటాం, అక్కడ కూడా పట్టు రాదు. అమ్మవారికి వాడే క్రియని దయ్యానికి ఇచ్చారు గానీ దయ్యం క్రియని అమ్మవారికి ఇవ్వలేదు, గీత ఒకవైపు గట్టిగానే ఉందనిపిస్తుంది.

కామెంటు, నర్సుగా చేస్తున్న ఒకరు:
దయచేసి ఇంకో తేడా కూడా రాయండి. ఫిట్స్ వచ్చిన పిల్లని పూనకం అనుకుని గుడి దగ్గరే గంటసేపు ఉంచేసి తర్వాత తెచ్చారు మా దగ్గరికి. ఫిట్స్ అయితే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలగుత్తి పెడితే ఆగదు, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి తేవాల్సిందే. అలాగని పూనకం వచ్చిన ప్రతి ఒక్కరూ రోగులని మేమూ అనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ పదకొండో కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది, అందులో కూడా ఆచారంలో భాగంగా, అందరూ ఒప్పుకున్న చోట వచ్చేదాన్ని జబ్బు కింద లెక్కెయ్యరు. తనకి ఇష్టం లేకుండా, అదుపు లేకుండా వచ్చి బతుకుని ఇబ్బంది పెడితేనే.

కామెంటు, నిజామాబాద్ నుంచి:
2015ల మా దిక్కు కల్తీ కల్లు బంద్ జేసినప్పుడు జూసిన. అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కల్లుకు ఏండ్ల తరబడి అలవాటైనోళ్ళు, ఒక్కసారి దొరకకపోయేసరికి చేతులు వణుకుడు, లేనిది కనబడుడు, ఫిట్స్, దవాఖానలు నిండిపోయినయ్. వింతగా ప్రవర్తిస్తున్నరు అని పేపర్ల రాసిండ్రు. కొందరు పూనకం లెక్క అన్నరు. మా అమ్మ మాత్రం "సోయి తప్పిండ్రు బిడ్డా, అమ్మవారు ఎందుకొస్తది ఈళ్ళ మీదికి" అన్నది.

జవాబు: అన్నా, మీ అమ్మగారి మాట నా పోస్టు మొత్తం కన్నా సూటిగా ఉంది. ఎక్కిన నిషా దిగితే నయం అనుకుంటాం, ఇక్కడ దిగడమే ప్రాణం మీదికి తెచ్చింది, అట్లాంటివాళ్ళకి ఆ మత్తుమందు మోతాదు మెల్లగా తగ్గించాలి తప్ప వేపమండలతో అయ్యే పని కాదు.

పొద్దున అడిగినవారికి: పాఠం పేరు "స్పృహ మారే స్థితులు" అని సాదాగా, బహువచనంలో పెట్టండి. మాండూక్యోపనిషత్తు కూడా కలనీ గాఢనిద్రనీ ఒకే గాటన కట్టలేదు, స్వప్నం వేరు సుషుప్తి వేరు అని విడదీసే చెప్పింది. లోపల ఆపరేషన్ గురించి రాసినప్పుడు మత్తు ఇవ్వడం అనండి, జ్వరానికి సంధి అనండి, ధ్యానానికి లీనమవడం అనండి, పూనకాన్ని జాతరల పేరాలో ఉంచండి. ఆ పేరా రాశాక ఇక్కడ పెడితే అందరం చూస్తాం, ఉత్తరాంధ్ర, రాయలసీమ వాళ్ళు మీ ఊళ్ళో ఏ క్రియ వాడతారో ఈలోపు కింద రాయండి, అవి కూడా అందులో చేరితే బాగుంటుంది.