ఇంట్లో ఉన్న పాత కత్తి ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: కరీంనగర్ జిల్లాలోని మా తాతగారి ఇంట్లో దసరా ఆయుధపూజకు మాత్రమే బయటికి తీసే ఒక కత్తి ఉంది. అలుగు (పిడి కాక మిగిలిన లోహపు భాగం) తిన్నగా, ఒకవైపే పదునుతో, మూడు గాడులతో ఉంది. దాని మీద ఎదురెదురుగా, పళ్లున్న రెండు కొడవళ్లలాంటి ముద్ర కనిపిస్తోంది. పిడి చివర గుండ్రని బిళ్ల ఉంది. ఇది ఏ కాలానిదో పెద్దలు చెప్పగలరా?

మొదటి సమాధానం: నమస్కారమండీ. బిళ్ల ఉన్న ఆ పిడి తల్వార్ పిడి. తిన్నని అలుగును బట్టి చూస్తే మీది దక్కనులో ‘ఫిరంగి’ అని పిలిచిన రకం కత్తి కావచ్చు; ఐరోపా నుంచి వచ్చిన అలుగులకు ఇక్కడి పిడులు బిగించేవారు. అయితే ఆ కొడవలి ముద్ర ఇటలీలోని జెనోవాతో ముడిపడినదైనా, మన కమ్మరులు కూడా దాన్ని విరివిగా అనుకరించారు కాబట్టి, ముద్ర ఒక్కటే చూసి విదేశీ అలుగని తేల్చకూడదు. పిడిని లక్కతో అతికించేవారు కనుక పాత అలుగుకు కొత్త పిడి మార్చడం సులువు. అందుచేత రెండింటి కాలాన్నీ విడివిడిగా అంచనా వేయాలి.

రెండవ సమాధానం: దయచేసి ఆమ్లంతోగాని గరుకు కాగితంతోగాని తుడవకండి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారై, పారశీక వర్తకులు కొనుక్కుపోయిన ఉక్కు వంటిదైతే, ఉపరితలం మీది నీటి అలల్లాంటి చారలే ముఖ్యమైన ఆధారం. తుప్పు పెరగకుండా పలుచగా నూనె రాస్తే చాలు.

మూడవ సమాధానం: నూరేళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, వ్యక్తులు దాన్ని విదేశాలకు పంపకూడదు. పోల్చి చూడడానికి సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గది మంచి చోటు.